మైకమ్మ చెవిలో రెండో మైకు

మైకమ్మ "ఆగండి" అందంటే కొండ దిగే వరద కూడా వెనక్కి తిరిగి క్యూలో నిలబడుతుంది. బస్టాండులో ఇరవై మూడేళ్ళుగా బస్సుల రాకపోకలు చెప్పే గొంతు అది.

ఆమె చెవిలో ఇంకో మైకుంది. అందులో, ఎక్కడా లేని మగమనిషొకడు మాట్లాడుతుంటాడు. దానికి డాక్టర్లు పెట్టిన పేరు స్కిజోఫ్రేనియా. రోజూ మాత్ర పడితే వాడు అదుపులో ఉండేవాడు, ముట్టుకు ముందు నాలుగు రోజులు తప్ప. ఆ నాలుగు రోజులూ ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చునేది.

ఈ ఏడాది వాడు నెలంతా మాట్లాడసాగాడు. "ఏడో నంబరు బస్సు తగలబడుతుంది, జనానికి చెప్పు" అని ఒకటే పోరు. ఆ మాట మైకులో దొర్లితే తొక్కిసలాటే. ఇంట్లో తోడుండే చెల్లెలికి కంటి మీద కునుకు లేదు.

"మాత్ర మానేశావు కదూ, అక్కా?"

"వేసుకుంటున్నానే! నాలిక కింద చూస్తావా?"

"చూస్తా."

మైకమ్మ నోరు బార్లా తెరిచింది. ఏమీ లేదు. చెల్లెలు మాత్రల అట్ట తీసి లెక్కపెట్టింది; లెక్క సరిపోయింది. మాత్ర మింగుతున్నా ఇలాగైతే ఇంక దిక్కేది?

ఆసుపత్రిలో చెల్లెలే ముందు నోరు విప్పింది. "డోసు రెట్టింపు చెయ్యండి, డాక్టరమ్మా."

"చేస్తే నాలిక మొద్దుబారుతుంది. ముద్దమాటలతో నన్ను మైకు దగ్గర ఎవరు కూర్చోనిస్తారు?" అంది మైకమ్మ. మళ్ళీ తనే, "ముట్టు ఆగి ఎనిమిది నెలలైంది" అంది.

"అదిప్పుడెందుకే, సిగ్గులేకుండా!"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు, తప్పు నాదే. ఒంట్లోని ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొందరు ఆడవాళ్ళకి ఈ జబ్బులో కాస్త అండగా ఉంటుంది. ముట్టుకు ముందు, అది ఆగిపోయే వయసులో అండ తగ్గి గొంతులు పెరగొచ్చు. రక్తం చూద్దాం, ఆడవాళ్ళ డాక్టరుతోనూ మాట్లాడతాను. అందాకా మైకు వద్దు."

మూడు నెలలు మైకమ్మ పార్సిళ్ళకి చీటీలు అంటించింది. మందులు మార్చారు, సరిచూశారు. మళ్ళీ మైకు దగ్గర కూర్చున్న రోజు చెల్లెలు ఎదుటి బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడో నంబరు వచ్చింది. మైకు గరగరమంది. అప్పుడు, "ఏడో నంబరు, మూడో ప్లాట్‌ఫారం. నెమ్మదిగా ఎక్కండి."

చెల్లెలు ఆగలేదు. టికెట్ల గది నుంచి టీ బండి దాకా ఒకటే చాటింపు: మా అక్క వాణ్ణి తరిమి తరిమి పొలిమేర దాటించింది, ఇక జన్మలో ఇటు తొంగిచూడడు!

మైకమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఎక్కడికీ పోలేదు. గొంతు తగ్గించాడు, అంతే."