పంపులో పీచు

అల్లూరి అబ్రహాము ఎవర్నీ ఒక పట్టాన నమ్మేవాడు కాదు. పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేసి బతికిన మనిషి. "నేనేం ముట్టుకోలేదు" అని ఎవరైనా అంటే, ముందు వాళ్ల చేతులకేసి చూసేవాడు.

1963లో మైపాడు దగ్గర ఏటికి ఒక ఇంజను బోటు వచ్చింది. దానికి అబ్రహామును మెకానిక్కుగా పెట్టుకున్నారు. ఇంజను బాగానే ఉంది. చిక్కంతా బోటు అడుగున చేరే నీళ్లను తోడే చేతిపంపుతోనే. సముద్రంలోకి పోయిన గంటకే పిడి తేలిగ్గా ఆడేది, చుక్క నీరు వచ్చేది కాదు.

తోలు వాషరు ఎండిందేమోనని నూనెలో నానబెట్టాడు. గొట్టం గాలి పీలుస్తోందేమోనని అతుకులు బిగించాడు. చివరికి పంపు విప్పితే, లోపలి కవాటం కింద వేలెడు పీచు ఇరుక్కుని ఉంది. తీసేశాడు. మర్నాడు మళ్లీ పీచు. మూడోనాడూ అంతే.

గొట్టం మొదట జల్లెడ రేకు ఉండగా ఇంత పీచు ఎలా వస్తుంది? ఎవరో కావాలనే కూరుతున్నారు. అతని అనుమానం హజరత్తయ్య మీదికి పోయింది. కట్టుమరం మీద పెరిగి ఈ బోటులో పనికి చేరినవాడు. ఇంజను మోతకు చేపలు చెదిరిపోతాయని రోజూ సణిగేవాడు.

ఆ సాయంత్రం అబ్రహాము పంపు శుభ్రం చేసి, దాని పైమూతకు నల్లదారం చుట్టి తనకే తెలిసిన ముడి వేశాడు. పొద్దున చూస్తే ముడి చెదరలేదు. అయినా సముద్రంలో గంటకే పంపు మూగబోయింది, విప్పితే అదే పీచు. హజరత్తయ్య ముడి విప్పి మళ్లీ అట్లాగే వేశాడన్నమాట, ఎంత గడుసువాడు అనుకున్నాడు.

ఒడ్డుకు రాగానే అందరి ముందూ హజరత్తయ్యను నిలదీశాడు.

"నీ ఒడి దులుపు."

హజరత్తయ్య దులిపాడు. బీడీ కట్ట, వల అల్లే సూది, దారం ఉండ కింద పడ్డాయి.

"ఈ దారం ఏంది మరి?"

హజరత్తయ్య పంపులో దొరికిన పీచును అబ్రహాము చేతిలోంచి తీసుకుని నలిపి వాసన చూశాడు.

"వల దారం మెలితిరిగి ఉంటాదన్నా. ఇది దూది. గుగ్గిలం వాసన కొడతా ఉండాది చూడు. పలకల సందుల్లో కూరే దూది. మీ బోటే కక్కతా ఉండాది."

అబ్రహాము నమ్మలేదు. ఒక్కడే బోటులోకి దిగి ఇంజను కింది చెక్కలు ఎత్తాడు. సందు వెంట వేలు పోనిస్తే దూది తడితడిగా ఊడివచ్చింది, వెనకే నీరు చెమర్చింది. ఇంజను అదురుకు సందు వదులై, దూది పోగుపోగుగా జల్లెడ దాటి పంపులో ముద్ద కడుతోంది. బోటులో తిరిగేది అయిదుగురు.

బోటును ఒడ్డుకు లాగి సందులన్నీ మళ్లీ కూరించారు. హజరత్తయ్య మాత్రం పనికి రాలేదు. అబ్రహాము అతని ఇంటికి పోతే, భార్య మస్తానమ్మ చేపలు ఆరబెడుతోంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు.

"అందరి ముందర ఒడి దులిపించినావు. ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే ఎట్టన్నా?"

మర్నాడు వలలు లాగే వేళ, ఒడ్డున అందరూ వింటుండగా అబ్రహాము ఆ మాటే చెప్పాడు. హజరత్తయ్య తాడు వదలకుండానే విన్నాడు.

"సందుల్లో దూది బాగా కొట్టినారా?"

"కొట్టినారు హజరత్తయ్యా."

"నేను చూస్తా."

బోటు దగ్గరికి వచ్చి ఒక్కో సందునూ వేలితో నొక్కి చూశాడు. ఆ పూటంతా పట్టింది. ఆ తర్వాతే ఎక్కాడు.