వేలల్లో ఒకడు

పదిహేడేళ్లుగా ఒక సంగతి లోపల మోస్తూ తిరుగుతున్నాను. నవ్వుతూనే తిరిగాను. అదే నాకు అర్థం కాదు. మీతో చెప్పేస్తాను.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. బోధన్ దగ్గర చెరుకు కాటా పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. బండి తూకం వినగానే నోటితో లెక్క చెప్పేవాణ్ని.

ఒకసారి పని మీద నాందేడ్ పోయి, అక్కడే కడుపు ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. మనవాళ్లెవరూ పక్కన లేరు. మత్తుతో పాటు ఇచ్చిన ఒక సూది నాకు పడలేదు. కొన్ని గంటలు ఊపిరి నా అంతట నేను తీసుకోలేదట. ఇది రక్తంలో వచ్చేదనీ, వేలల్లో ఒకరికే ఉంటుందనీ, తోడబుట్టినవాళ్లకు తప్పక చెప్పమనీ డాక్టరు చీటీ రాసిచ్చాడు. నేను లెక్క వేసుకున్నాను. వేలల్లో ఒకడు. ఆ ఒకడు నేనే అయిపోయాను. మా ఇంట్లో ఇంకొకడు ఎట్లా ఉంటాడు? చీటీ మడిచి దాచేశాను.

రెండేళ్లకు తమ్ముడి భుజం. వాడు కబడ్డీ ఆటగాడు, నవీపేట దాకా వాడి కూతకు పేరు. ఎవరు పట్టినా భుజం జారేది. నిజామాబాదులో ఆపరేషన్ చేయించాం. భుజం చక్కగా కుదిరింది. ఊపిరే రాలేదు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న గిట్లయిందా?"

"లేదమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారని. లోపల వాళ్లు కారణం తెలియక గొంతులో గొట్టం వేసి చేత్తో గాలి కొడుతున్నారు, బయట మమ్మల్ని కన్న అవ్వ నేల మీద కూలబడింది, నేను లేచినట్టే వాడూ లేస్తాడని చెప్పగలిగినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. ఆ ఆశ కూడా అవ్వకు ఇవ్వలేదు.

ఐదు గంటలకు వాడికి ఊపిరి వచ్చింది. గొట్టం తీయగానే బొంగురు గొంతుతో అన్నాడు: "అవ్వా, గింతసేపు దమ్ము పట్టినోడు జిల్లాల ఉన్నడా?"

"సచ్చి బతికి పరాచికాలా రా!" అని అవ్వ వాడి తొడ మీద ఒక్కటిచ్చింది. వార్డంతా నవ్వింది. అవ్వ మంచం మంచానికీ చక్కెర పంచింది. నేనూ నవ్వాను. అది దొంగ నవ్వా? కాదు. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

తర్వాత వాడికీ చీటీ రాసిచ్చారు. వాడు దాన్ని చుట్టాలందరికీ చదివి వినిపించాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "అన్నా, నీకు గూడ ఉండొచ్చు. జర సూపించుకో" అన్నాడు.

సరేనన్నాను.

వాడు మళ్లీ ఆడాడు. ఇప్పుడు ఊరి పిల్లలకు కూత నేర్పుతున్నాడు. ఈ కాగితం రేపు వాడి చేతికిస్తాను. నవ్వుతాడో, మాట్లాడడం మానేస్తాడో, అది వాడి ఇష్టం.

నాకు ముందే తెలుసు. తెలిసే లేదన్నాను.

ఇంతే. రాసేశాను. బాగా ఆకలి వేస్తున్నది.