ఇంజన్ మార్చిన మా గాజుల బండి

మా చిన్నప్పుడు... అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూల్ పోయే రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో, మా వ్యాను ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. లోపల అమ్మ ఒడిలో రెండేళ్ల తమ్ముడు. పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆ వ్యానే మా ఇల్లు. నాయిన, అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు... జాతరలకు, సంతలకు తిరుగుతూ గాజులు అమ్మేవాళ్లం. వెనక చెక్కబల్లల మీద పడక, ఓ మూల కిరసనాయిలు స్టవ్వు, మిగతా అంతా గాజుల పెట్టెలు.

పాత ఇంజన్ చెడిపోతే, గద్వాలలో ఒక మెకానిక్ షెడ్డు ఆయన జీపు డీజిల్ ఇంజన్ తెచ్చి బిగించాడు. ఇంజన్ పెద్దదైంది గానీ దాన్ని చల్లబరిచే రేడియేటర్ మాత్రం పాతదే... చిన్నది. దాన్ని కూడా మార్చమని, అప్పటిదాకా ఎండలో బరువుతో నడపొద్దని ఆయన చెప్పాడట. జాతరలు అయ్యాక మార్చుదాం అనుకున్నాడు నాయిన.

ఆ రోజు అచ్చంపేటలో చూపిస్తే, చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి నాగర్‌కర్నూల్ తీసుకుపొమ్మన్నారు. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఇంకోటి సాయంత్రానికి గానీ లేదు. సామాను దింపే ఆలోచన కూడా రాలేదు మాకు... అట్లాగే బయలుదేరాం.

బండి ఆగగానే నాయిన తడిగుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. సలసల కాగే నీళ్లు ఎగజిమ్మి చెయ్యి కాలింది. అయినా మూత వదల్లేదు. లోపల నీళ్లు దాదాపు లేవు.

ఎంతసేపు అని అడిగింది అమ్మ.

"ఇప్పుడే సల్లటి నీళ్లు పోస్తే ఇంజన్ పగుల్తది. గప్పుడు ఈడనే ఉంటం" అన్నాడు నాయిన.

ఆ ఎదురుచూపు ఎంత పొడుగో చెప్పలేను... ఇంజన్ చల్లారాలి. తమ్ముడు మాత్రం చల్లబడకూడదు. వాడి పాదాలు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను నేను. కళ్లు లోపలికి పోయాయి. పెదవులు ఎండి తెల్లగా అయ్యాయి.

మా దగ్గర ఒక్క బిందెలోనే నీళ్లు మిగిలాయి. అమ్మ వాటిలోనే ఉప్పు, చక్కెర కలిపి చెంచాతో తమ్ముడి నోట్లో పోస్తోంది. నాయిన బిందె వైపు చూశాడు. అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది.

"గివి పిల్లగాని నీళ్లు. బండికి పొయ్యనియ్య."

నాయిన ఖాళీ డబ్బా పట్టుకుని పక్కనున్న పల్లీ చేను వైపు పరుగెత్తాడు. నేనూ వెనకే పరుగెత్తాను. కరెంటు లేక బోరు బంద్. పల్లికాయ పీకుతున్న కూలి ఆడవాళ్లు తాగడానికి తెచ్చుకున్న బిందెలు మాత్రం చెట్టు కింద ఉన్నాయి.

నాయిన విషయం చెప్పాడు. చెబుతూ సగంలోనే ఏడ్చేశాడు. నాయిన ఏడవడం నేను చూసింది అప్పుడే.

వాళ్లలో పెద్దామె బిందె ఎత్తి డబ్బాలో వంపేసింది. మీకెట్లా అని నాయిన అడిగితే, "మేం సాయంత్రం దాంక ఓర్సుకుంటం. నువ్వు పిల్లగాన్ని దవాఖానకు తీస్కపో నాయినా" అంది. మిగతావాళ్లు కూడా తమ బిందెలు తెచ్చారు.

తిరిగి వచ్చేసరికి అవ్వ పెట్టెలు దింపుతోంది. బరువు తగ్గితే బండి కాగదు కదా అంది. గాజుల పెట్టెలు, చెక్కబల్లలు, స్టవ్వు... మా ఇల్లంతా వేపచెట్టు కిందికి చేరింది. ఒక్కదానివి ఈడ ఎట్లుంటవే అమ్మా అని నాయిన అడిగితే, "నాకేమైతది? జల్దిన పోరా" అంది.

ఇంజన్ చల్లారాక, స్టార్టు చేసి, అది నడుస్తూ ఉండగానే నాయిన కొద్దికొద్దిగా నీళ్లు పోశాడు. సీట్ల మధ్య ఇంజన్ మీదుండే రేకు మూత పీకేశాడు, గాలి ఆడాలని. ఆ వేడి మొహాలకు కొడుతుంటే అమ్మ తమ్ముణ్ని వెనక తలుపు దగ్గరికి తీసుకుపోయింది. ఇంజన్ వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే చెప్పడం నా పని. నేను చెప్పగానే ఆపేవాడు. మళ్లీ చల్లారడం, మళ్లీ నీళ్లు...

నాగర్‌కర్నూల్ చేరేసరికి తమ్ముడు పిలిస్తే పలకడం లేదు. దవాఖానలో సూదికి నరం దొరకక నర్సు చాలాసేపు వెతికింది. గ్లూకోజు ఎక్కిన కొన్ని గంటలకు వాడు సన్నగా ఏడ్చాడు. ఈసారి కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

మర్నాడు పొద్దున నాయిన, నేను అవ్వ దగ్గరికి వెళ్లాం. ఆ కూలి ఆడవాళ్లు అవ్వను రాత్రి తమ ఇంటికి తీసుకుపోయి, మగవాళ్లను సామాను దగ్గర కాపలా పడుకోబెట్టారు. ఒక్క గాజు పగల్లేదు.

ఆ తర్వాతే వనపర్తిలో పాత లారీ రేడియేటర్ ఒకటి దొరికింది. ఫ్యాను గాలి అటూ ఇటూ పోకుండా చుట్టూ రేకు కట్టించి, ముందు భాగంలో జాలీలు కోయించాడు నాయిన. మళ్లీ ఎప్పుడూ బండి కాగలేదు. కానీ అమ్మ మాత్రం ఇంక తిరుగుడు వద్దంది. వనపర్తిలోనే చిన్న గది తీసుకుని స్థిరపడ్డాం.

ఇప్పుడు ఫోను చేస్తే అంబులెన్స్ వస్తుంది. మంచిదే... ఆ రోజు అది ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఈమధ్య అదే దారిలో ఏసీ కారులో పోతుంటే, అద్దం దించే పనే పడలేదు. చేలల్లో ఎవరున్నారో కూడా చూడకుండానే ఊరు చేరిపోయాను...

ఆ పెద్దామె పేరు మేం అడగనే లేదు.

మీ బండి ఎప్పుడైనా నడిదారిలో ఆగిపోయిందా? అప్పుడు ఎవరొచ్చారు? పేరు తెలియకపోయినా ఫరవాలేదు... కింద రాయండి.