ఇల్లు చూసేకి వస్తారంట

మా చిన్నమ్మ ఇంటి పైకప్పులో పెంకుల కంటే ఆకాశమే ఎక్కువ. బాగేపల్లి దగ్గర పల్లెలో ఒంటిగది మట్టిల్లు అది. వాన మొదలయిందంటే గిన్నెలన్నీ తలా ఒక కారుడు కింద కాపలాకు కూర్చుంటాయి. వాన వెలిసేదాకా వంటకు ఒక్కటీ దొరకదు. ఉత్తరం గోడ నిండు గర్భిణిలా ముందుకు వచ్చేసింది. దాని దగ్గర తుమ్మాలంటే అందరికీ భయం. తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తి, పని ముగించుకుని లోపలికి వచ్చేవాళ్ళం.

సర్కారు వాళ్ళ ఇళ్ళ పథకానికి గ్రామసభలో చిన్నమ్మ పేరు ఎంపికయింది. ఇక మిగిలింది ఒక్కటే. పంచాయితీ నుంచి సాయేబు వచ్చి ఇల్లు చూడాలి. (ఆ ఊళ్ళో అధికారి అన్నవాడు ఎవరైనా సాయేబే.) ఉండటానికి పనికిరాదని ఆయన ఫోటో తీసుకుపోతే కొత్త ఇల్లు. బాగానే ఉందన్నాడా, పేరు కొట్టేస్తారు. ఈ వానాకాలం ఆ గోడ చిన్నమ్మ మీద పడకుండా ఆపే నాథుడుండడు.

"ఉన్నది ఉన్నట్టు చూపించు చిన్నమ్మా" అని చిక్కబళ్ళాపురం నుంచి ఫోనులో గొంతు పోయేలా చెప్పాను. "అట్లే కానీ నాయనా" అంది.

ఆ రోజు పొద్దున బస్సు దిగి వెళ్తే నాకు ఇల్లు కనబడలేదు. ఇంకో వీధికి వచ్చానేమోనని వెనక్కి తిరిగాను కూడా. గోడలకు కళ్ళు జిగేలుమనేంత సున్నం. వాకిట్లో రథమంత ముగ్గు. లోపల పైకప్పును దాచేస్తూ పెళ్ళిళ్ళ షామియానా గుడ్డ, గర్భిణి గోడకు చిన్నమ్మ పట్టుచీర తెర. గదికి ఒక మూల పక్కింటి ఫ్రిజ్జు, మిగిలిన మూడు మూలలూ ఎదురింటి సోఫా.

"ఏం చిన్నమ్మా ఇది?"

"సాయేబు ఇంటికి వస్తాండాడు కదప్పా! బోసి కొంప చూపిచ్చేదా? నవ్విపోరా?"

"ఆయన వచ్చేదే ఇల్లు బాగలేదని చూసేకి!"

"బాగలేదని తెలిసే కదా వస్తాండాడు. తెలిసిందే మళ్ళా చూపిచ్చేది ఏముండాది?"

ఈ తర్కానికి జవాబు వెతుకుతుండగానే మోటారుసైకిలు చప్పుడయింది. సాయేబు వచ్చి సోఫాలో నడుందాకా కూరుకుపోయాడు.

"ఏమమ్మా, ఇల్లు జోరుగా ఉండాదే! మా ఇంట్లో కూడా ఇంత పెద్ద ఫ్రిజ్జు లేదు."

"అంతా మీ దయ సామీ" అని చిన్నమ్మ మురిసిపోయింది. ఫ్రిజ్జు మాది కాదని నేను నోరు తెరవగానే నా కాలు తొక్కింది. ఆ తొక్కుడుకు చింతామణి ఊరిదాకా వినిపించేలా అరవాల్సింది, మర్యాదకు మింగాను.

"ఇంత బాగుండే ఇంటికి మంజూరు ఎట్లమ్మా?" అని ఆయన లేవబోయాడు.

సరిగ్గా అప్పుడు పక్కింటామె, మొగుణ్ణీ మరిదినీ వెంటేసుకుని వచ్చింది. "ఏమనుకోవద్దు సామీ. దోసెల పిండి ఇందులోనే ఉండిపోయె, పులిసి పొంగుతాండాది" అంటూ ఫ్రిజ్జును ఎత్తించుకుని పోయింది. సాయేబు కనుబొమలు లేచాయి.

తర్వాత ఎదురింటాయన. "రవంత లేస్తారా సామీ? మా పాపను చూసేకి పెండ్లికొడుకు వాళ్ళు బస్టాండులో దిగినారంట. యాడ కూచోబెట్టేది?" సోఫా కూడా గడప దాటింది. సాయేబు నిలబడిపోయి గోడకు ఆనుకున్నాడు. ఆరని సున్నం ఆయన చొక్కాకు వీపంతా పూసుకుంది.

ఆఖరికి షామియానా మనిషి. వేరే ఊళ్ళో నామకరణం ఉందట. మాట కంటే ముందు గుడ్డ లాగాడు. దాంతోపాటు నాలుగు పెంకులూ, ఏనాటివో ఎలుకగూళ్ళూ, సూర్యభగవానుడూ ఒకేసారి లోపలికి దిగారు.

సాయేబు తలెత్తి చాలాసేపు ఆకాశాన్ని చూశాడు. తర్వాత పట్టుచీర వైపు తిరిగాడు.

"ఆ చీర వెనక ఏముండాదమ్మా?"

చిన్నమ్మ నా మొహం చూసింది. నేను పైకి చూశాను. ఆమె మెల్లగా పోయి, తానే చీర పక్కకు తీసింది. సాయేబు ఒక్క గెంతులో వాకిట్లో ఉన్నాడు.

"ముందే ఇట్ల చూపిచ్చింటే ఎప్పుడో పోయుందును కదమ్మా!"

"మీరు కూచునేకి ఒక కుర్చీ కూడా లేదు సామీ. అట్లాంటి ఇంటికి రాండి అని ఎట్ల పిలిచేది?" అంది చిన్నమ్మ, తల వంచుకుని.

ఆయన అక్కడే వాకిట్లో రోలు మీద కూర్చున్నాడు. "కాఫీ ఉండాదా?" అన్నాడు. కాఫీ తాగి, గోడకూ పైకప్పుకూ ఫోటోలు తీశాడు. "నేను రాసుకున్నా. మంజూరయితాదమ్మా. ఈ రాత్రి నుంచి లోపల మాత్రం పండుకోవద్దు."

చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని, ఆయన బండి ఎక్కేలోపే దగ్గరకు పోయింది.

"పునాది చూసేకి కూడా వస్తారంట కదా సామీ. రెండు దినాలు ముందు చెప్పండి."

"చెప్పకుండా వస్తానమ్మా" అని సాయేబు బండి తీశాడు, మా గోడను సగం వీపున మోసుకుని.