నాయన పిలిచిన ఒక్క కార్డు

ఈ రోజు డ్యూటీ మధ్యలో క్యాబ్ పక్కన పెట్టి, అమ్మను తీసుకొని లింగంపల్లిలో కార్డుల షాపుకు వెళ్ళాను. చెల్లి పెళ్ళి కార్డు నమూనా తయారైంది. అమ్మకు చదువు రాదు కాబట్టి నేనే పైకి చదివాను. చివర ‘ఆహ్వానించువారు’ కింద నాయన పేరుంది. దాని ముందు ‘కీ.శే.’ లేదు. నాయన పోయి రెండేళ్ళు. నాకు తిక్క రేగింది.

“పోయిన మనిషి పేరు గిట్ల కొడ్తరా? కండ్లు పెట్టి చూస్తలేవా?” అని షాపాయన మీదికి లేచాను.

“మీ అక్క పెండ్లి కార్డు ఈడనే కొట్టించిన్రు కదన్నా. గదే తీసి పిల్ల పేరు, పిలగాని పేరు మార్చిన. మీ నాయన సంగతి నాకెట్ల ఎరుక? ఒక్క నిమిషంల మారుస్త.”

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “జర ఆగు కొడుకా. గా ఆఖరిది ఇంకోసారి చదువు.”

చదివాను. నాయనే గడపలో నిలబడి పిలుస్తున్నట్టుంది.

“ఒక్కటి గిట్లనే కొట్టియ్యమను. కడమయి మార్చుకోండ్రి” అంది అమ్మ.

అరిచినందుకు షాపాయనకు సారీ చెప్పాల్సింది.

మీకు అందే కార్డులో కీ.శే. ఉంటుంది. పెళ్ళికి అందరూ రండి. అమ్మ చీరల మడతలో దాచుకున్న కార్డును మాత్రం చూపించమని అడగకండి.