కొరక్కూడని బెల్లంముక్క

మొన్న వడ్డాది సంతలో బెల్లం కొనబోతే, దుకాణదారు దిమ్మ అంచు విరిచి చిన్న ముక్క నా చేతిలో పెట్టాడు, రుచి చూడమని. నోట్లో వేసుకున్నాను. "ఎన్ని కేజీలు కట్టమంటారమ్మా?" అని అడిగాడు. నేను పలకలేదు. మళ్ళీ అడిగాడు. నేను అతని మొహంలోకే శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. పాపం, కంగారుపడిపోయి, "ఏటమ్మా, నోట్లో రాయేటైనా తగిలిందేటి?" అన్నాడు. తప్పు అతని బెల్లానిదీ కాదు, నాదీ కాదు. నాలుక మీద బెల్లం పడగానే నోరు దానంతటదే మూతపడి చెవులు తెరుచుకునే జబ్బు నాకు పన్నెండేళ్ళుగా ఉంది. అంటించింది మెహరున్నిసా మేడమ్.

మేడమ్ ప్రతి మంగళవారం అనకాపల్లి నుంచి బస్సులో చోడవరం వచ్చేవారు. కాటన్ చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో చిన్న డబ్బా. అప్పట్లో మా సంస్థ ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, చుట్ట మానాలనుకునే ఆడవాళ్ళ కోసం గ్రూపు కౌన్సెలింగ్ నడిపేది. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్ళు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. తెలియనివాళ్ళు వింటే నమ్మరు, నేనూ నమ్మలేదు, ఒకావిడ చేసి చూపించేదాకా. అంగిలి కాలి తెల్లబడుతుంది. కొందరికి ఆ తెల్లమచ్చ క్యాన్సర్ దాకా పోతుంది. అందుకే ఆ గ్రూపు. మేడమ్ దాన్ని నడిపేవారు. నేను విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మే చదివి, అప్పుడే కొత్తగా చేరిన సహాయకురాలిని. నాకు రానిది ప్రపంచంలో ఏదీ లేదని గట్టి నమ్మకం.

మొదటి మంగళవారమే పాడైపోయిన నోళ్ళ ఫొటోలు గోడకు అంటించి ముప్పావుగంట మాట్లాడాను. చుట్టూ కూర్చున్న తొమ్మిది మందీ బుద్ధిగా తలలూపారు. నా ప్రతిభకు నేనే మురిసిపోయాను. సమావేశం అయ్యాక గేటు దగ్గరకు వెళ్ళి చూస్తే, అందరూ గోడవార చేరి చుట్టలు ముట్టించుకుంటున్నారు. "బాగా సెప్పిందే గుంట," అంటోంది బుచ్చయ్యపేట అచ్చియ్యమ్మ, పక్కావిడకు అగ్గిపుల్ల అందిస్తూ.

ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ నవ్వలేదు, తిట్టలేదు. మరుసటి మంగళవారం గ్రూపు మొదలయ్యే ముందు బుట్టలోంచి డబ్బా తీసి, ఉసిరికాయంత బెల్లంముక్క నా నోట్లో పెట్టారు. "కొరక్కూడదు. అదే కరగాలి. కరిగేదాకా నువ్వు మాట్లాడకూడదు," అన్నారు. "మరి మీరో?" అన్నాను, బెల్లంతోనే. "నాకు షుగరు తల్లీ," అంటూ ఒక ఎండు ఉసిరిముక్క తన బుగ్గన పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇద్దరం వెళ్ళి కుర్చీల వలయంలో చెరో చోట కూర్చున్నాం.

అంత పొడవైన నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు ఎరగను. ఫ్యాను తిరుగుతోంది. ఒకరు దగ్గారు. ఒకరు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. నాకు అరికాళ్ళు దురద పెడుతున్నాయి, ఏదో ఒకటి చెప్పి ఆదుకోవాలని. చివరికి అచ్చియ్యమ్మే ఉండబట్టలేక, "ఏటి మేడంగోరూ, ఇయ్యాల పాటం సెప్పరా?" అంది. మేడమ్ ఆమెకు జవాబివ్వకుండా తల తిప్పి మరో ఆవిడ వైపు చూశారు, అంతే. ఆ ఆవిడ నెమ్మదిగా, "నాను నిన్న రెండే కాల్చేను," అంది. "రెండేనా! ఎలగే?" అంది ఇంకొకావిడ. ఇక మాటలు వాళ్ళ మధ్యే తిరగడం మొదలైంది. ముప్పావుగంట ఉపన్యాసంలో నేను చెప్పలేనివి ఒకరికొకరు చెప్పుకున్నారు. నోట్లో బెల్లం కరిగిపోయిందని కూడా నేను గమనించలేదు.

ఆ వలయంలో తలుపు దగ్గరి కుర్చీ పైడమ్మది. ఇది రాస్తానంటే, "నా పేరే రాయి, ఏరే పేరెట్టేవంటే ఊరుకోను," అంది, కాబట్టి రాస్తున్నాను. అంగిలి మీద తెల్లమచ్చ వచ్చింది ఆమెకే. ఇప్పుడు మానకపోతే చెయ్యి దాటిపోతుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి పంపారు. ఐదు వారాలు వచ్చింది. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆరో వారం నా పక్కన కూర్చుని, ఉబ్బిన నా బుగ్గ వంక కాసేపు చూసి, చెవిలో, "నువ్వు మానీసి ఎన్నాళ్ళయ్యిందమ్మా?" అంది.

నోట్లో బెల్లం. మేడమ్ మాట గుర్తుంది. ప్రశ్న సగమే అర్థమైంది. ఏం చెయ్యాలో తెలియక తలూపాను.

ఆ ఊపు ఎంత పని చేసిందో ఆ పై మంగళవారం తెలిసింది. తొమ్మిది మందీ బుగ్గల్లో బెల్లంతో వచ్చారు! చదువుకున్న గుంటకే చుట్ట అలవాటుందట, బెల్లంతో మానేసిందట, మనమెందుకు మానలేమని గేటు దగ్గర పైడమ్మ అందరికీ చెప్పిందట. ఆ రోజే ఆమె వలయంలో అందరి ముందూ మొదటిసారి నోరు విప్పింది. "ఊడ్పుల్లో వానకి ఆరిపోకుండా అడ్డచుట్ట మా అత్త నేర్పింది. మా ఆయన పోయినకాడినుంచి నోట్లో ఆ యెచ్చదనమే నాకు తోడు. అదీ తీసీమంటే ఎలగమ్మా?" అంది. ఎవరూ సలహా ఇవ్వలేదు. అచ్చియ్యమ్మ తన కుర్చీ ఆమె పక్కకు జరుపుకుంది.

రెండు వారాలు పైడమ్మ చుట్ట ముట్టలేదు. నాకేమో అన్నం సహించడం లేదు. చివరికి మేడమ్‌కు విషయం చెప్పేశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. "మనం చుట్ట గురించి ఎన్ని నేర్పినా, ఈ వైద్యం మనకి తోచలేదు సూడు. నెలనెలా వీళ్ళ నోళ్ళు చూసే పళ్ళ డాక్టరుగారికి మాత్రం సెప్పకు," అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆపి, "నువ్వు నిజం సెప్పాలి. నాకు కాదు. వాళ్ళకి, గ్రూపులోనే," అన్నారు.

"పైడమ్మ మళ్ళీ మొదలుపెడితే?"

"పెట్టొచ్చు. ఆవిడ మనల్ని నమ్మి వస్తోంది తల్లీ. అబద్ధం మీద ఎన్నాళ్ళు కూకోబెడతాం?"

ఆ మంగళవారం బెల్లం లేకుండా వలయంలో కూర్చుని చెప్పేశాను. నేను చుట్ట ఎప్పుడూ ముట్టలేదని, ఆ బెల్లం నా వాగుడు ఆపడానికి మేడమ్ పెట్టిన మందని, ఆ రోజు తప్పుగా తలూపానని. క్షమించమన్నాను. పైడమ్మ లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరుగెత్తబోతే మేడమ్ నా చున్నీ కొస పట్టుకుని, "కూకో," అన్నారు. కూర్చున్నాను. అచ్చియ్యమ్మ నన్ను కడిగేసింది. ఇంకొకావిడ నా తరఫున ఆమెతో దెబ్బలాడింది. మేడమ్ ఎవరినీ ఆపలేదు. నాలుగు మాటలతో సర్దిచెప్పుకోవాలని నాలుక పీకుతోంది. ఆ రోజు బెల్లం లేకుండానే ఊరుకోవడం నేర్చుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన గంట మరొకటి లేదు.

మరుసటి వారం తలుపు దగ్గరి కుర్చీ ఖాళీగా ఉంది. తీసేద్దామా అంటే మేడమ్ వద్దన్నారు. ఆ వారమంతా నాకు ఆ తెల్లమచ్చే కలలోకొచ్చింది. నా తల ఊపు మూలంగా ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని భయపడి చచ్చాను.

ఆ తర్వాతి మంగళవారం, అందరం కూర్చున్నాక, పైడమ్మ వచ్చింది. నా వైపు చూడకుండా కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది. "ఆయేల కోపంతో పోయి చుట్ట కొన్నాను. ఎలిగించేను. నోట్లో ఎట్టుకోబోతే బెల్లంముక్క ఉంది. రెండూ ఎలగెట్టుకుంతాను? బెల్లం ఉమ్మీడానికి మనసు రానేదు. చుట్టే పారేసేను." వలయమంతా గొల్లుమంది. పైడమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఈ గుంట మానీనట్టు మానీద్దామనుకున్నాను. తీరా సూస్తే ఇది మానీడానికేటీ నేదు. మరైతే మానీసింది ఎవులు? నానే కదేటి!" అంది.

ఈసారి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మేడమ్ బుగ్గన ఉసిరిముక్క ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మారింది, అంతే.

కొన్ని నెలల తర్వాత డాక్టరు పరీక్ష చేసి, మచ్చ తగ్గుముఖం పట్టిందన్నారు. బెల్లం స్థానంలోకి సోంపు వచ్చింది, పళ్ళ డాక్టరుగారి పుణ్యమా అని. మేడమ్ రిటైరై ఇప్పుడు విశాఖపట్నంలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేసి నా గొడవలన్నీ చెప్పుకుంటాను. అటువైపు మాట వినపడదు. పంటికి ఉసిరిముక్క తగిలిన చిన్న చప్పుడు మాత్రం వినపడుతుంది. ఆవిడ అక్కడే ఉన్నారని, వింటున్నారని నాకు అది చాలు.

ఇప్పుడా గ్రూపు నేను నడుపుతున్నాను. వడ్డాది బెల్లం నాకూ, కొత్తగా చేరిన సహాయకురాలికీ. మొన్న మంగళవారం ఆ అమ్మాయి బెల్లం వద్దని, ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టింది. పది నిమిషాలకే మాటలు అయిపోయి ఆగిపోయింది. నిశ్శబ్దం. చెమటలు పడుతున్నాయి పిల్లకి. నా నోట్లో బెల్లం అప్పటికే కరిగిపోయింది. అయ్యో, ఆదుకుందామని నేను నోరు తెరిచాను.

మాట బయటకు రాకముందే తియ్యగా ఏదో నాలుక మీద పడింది. పన్నెండేళ్ళుగా మానకుండా వస్తున్న పైడమ్మ, ఇప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. నా బెల్లం డబ్బా మూత పెట్టేస్తూ, "కొరక్కు," అంది.