పరిగ పత్తి పరుపు

మా అమ్మాయి నా కోసం ఒక పరుపు తెప్పించింది. రబ్బరు చెట్ల పాలతో చేసిందట, అదీ ఎరువులూ మందులూ వేయని తోటల పాలట. బియ్యం దగ్గర్నుంచి బెల్లం దాకా ఈమధ్య అన్నీ ఆర్గానిక్ అయిపోయాయి కదా, చివరికి పడకకు కూడా ఆ యోగం పట్టిందనుకున్నాను. చాపలా చుట్టి అట్టపెట్టెలో పెట్టి పంపితే, పైనున్న ప్లాస్టిక్ కోయగానే అది అప్పుడే నిద్రలేచిన మనిషిలా ఒళ్ళు విరుచుకుంటూ మెల్లగా పొంగి మంచం నిండా పరుచుకుంది. నాకు నడుంనొప్పి. ఉద్యోగమంతా బళ్ళో నల్లబల్ల ముందు నిలబడి సంపాదించుకున్న ఆస్తి అది. గుంటూరులో చూపించుకున్న డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, పనిలో పనిగా పరుపు కూడా మార్చి చూడమన్నారు. ఆ ముక్క మా అమ్మాయి చెవిన పడితే ఇంకేముంది, సాయంత్రానికల్లా ఫోనులో బేరం అయిపోయింది. కొన్నాళ్ళు పడుకుని చూసి, నచ్చకపోతే వెనక్కి పంపేయవచ్చట. ఆ గడువు ఈ ఆదివారంతో తీరిపోతుంది కాబట్టి వారం రోజులుగా మా ఇంట్లో ఈ పరుపు గొడవ తప్ప వేరే మాట లేదు.

దానికి పద్ధతులు కూడా ఉన్నాయి. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి దూర్చి చూడమంటుంది మా అమ్మాయి; చెయ్యి మరీ సులువుగా దూరితే పరుపు గట్టిదట, అసలు దూరకపోతే మెత్తదట. పక్కకు తిరిగి పడుకోమని, వెనకనుంచి ఫోటో తీసి, వెన్ను తిన్నగా ఉందో వంకర పోయిందో వేలితో గీసి చూపిస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఇంకా నా చేతికి అందకుండానే ఎలా ఉందమ్మా అని అడుగుతుంది. ఊరందరి పిల్లలకూ పరీక్షలు పెట్టి బతికినదాన్ని, ఈ వయసులో నన్నే పడుకోబెట్టి పరీక్ష పెడుతోంది. అయితే పరుపుల బాగోగులు చెప్పడం నాకు కొత్తేమీ కాదు. నా జీవితంలో నేను చేసిన మొట్టమొదటి ఉద్యోగమే అది.

మా నాన్న దూది ఏకేవాడు. మేం దూదేకులవాళ్ళం. శుక్రవారం నమాజుకు వెళ్ళే ఇల్లే గానీ, మాట్లాడేదీ కొట్లాడేదీ తెలుగులోనే, ఊళ్ళో అందరికీ ఉన్న ఆచారాలూ అనుమానాలూ మాకూ ఉండేవి. మార్టూరుకు కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. ఇప్పుడు అటు వెళితే దారి పొడుగునా గ్రానైటు పలకలు కోసే మోత, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపొడి. మా చిన్నతనంలో తెల్లదనమంటే పత్తిదే. పత్తి తీతలు ముగిసే వేళకు పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యేవి, పెళ్ళంటే కొత్త పరుపు ఉండాల్సిందే కాబట్టి, మనిషికంటే పొడవైన విల్లును భుజాన వేసుకుని నాన్న ఊళ్ళవెంట బయలుదేరేవాడు. దూది ఎవరిదైతే వాళ్ళ పంచలోనే, వాళ్ళ కళ్ళముందే ఏకడం ఆయన పద్ధతి. విల్లును పైనుంచి వేలాడదీసి కొయ్యపిడితో నారిని కొడుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది, ముద్దగా ఉన్న దూది విడివిడి పోగులై పైకి లేచి మెల్లగా కిందికి దిగేది, కాసేపటికి నాన్న కనుబొమలూ మీసాలూ కూడా తెల్లబడిపోయేవి. అప్పుడు చూసిన ఆ ముసలి రూపం, నిజంగా ముసలివాడయ్యాక కూడా ఆయనకు అంత నిండుగా రాలేదు.

అమ్మ దబ్బనంతో కుట్లు వేయడం అయిపోయాక నా పని మొదలయ్యేది. కొత్త పరుపు మీద నన్ను పడుకోబెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి దొర్లమనేవాడు నాన్న. "కళ్ళు మూసుకో అమ్మాయ్. యాడన్నా గుచ్చుకుంటే ఆగు," అనేవాడు. నేను ఆగిన చోట కుట్లు విప్పి, ఉండకట్టిన దూదిని వేళ్ళతో విడదీసి మళ్ళీ కుట్టేవాళ్ళు. భుజం కాస్త దిగాలి, నడుం మాత్రం దిగకూడదు అన్నది ఆయన లెక్క. మా అమ్మాయి ఫోనులో చదివి చెప్పేదీ ఇంచుమించు అదే.

ఒక్కసారి మాత్రం మా పరీక్ష తప్పిపోయింది. అది చెప్పకుండా ముందుకు పోలేను. ఒక మోతుబరి రైతు ఇంట్లో పెళ్ళికి పని ఒప్పుకుంటే, పంచలో చుట్టాలు దిగారని మమ్మల్ని ఇంటి వెనక మిరపకాయలు ఎండబోసిన కళ్ళం పక్కన కూర్చోబెట్టారు. గాలి అటునుంచి ఇటు వీచింది. ఏకిన దూది గాలిలో ఉన్నదంతా పట్టుకుంటుందని నాన్నకు తెలియక కాదు, పెళ్ళివారు తొందరపెడితే కాదనలేకపోయాడు. నేను దొర్లి దొర్లి తుమ్మితే దూది ముక్కులోకి పోయిందనుకున్నారు. తెల్లవారి పెళ్ళికొడుకు ఎర్రటి కళ్ళతో, వీపు గోక్కుంటూ, ఆపకుండా తుమ్ముతూ బయటికి వచ్చాడు, వెనకే పెళ్ళికూతురు కూడా తుమ్ముతూ వచ్చింది. గుంటూరు కారం పరుపుకి కూడా ఎక్కించావా అని ఊరు ఊరంతా నాన్నను ఏడాదిపాటు ఏడిపించింది. ఆ జంట మాత్రం నిక్షేపంగా కాపురం చేసుకుని నలుగురు పిల్లల్ని కన్నారు.

ఇంతమందికి పరుపులు కుట్టిన మా ఇంట్లో పరుపు లేదు. చాపలు, పాత చీరలతో కుట్టిన బొంతలు, అంతే. మిగిలిన దూదిని పిడికెడైనా సరే దూది యజమానికి ఇచ్చేసి వచ్చేవాడు నాన్న, ఆ విషయంలో ఆయన మొండి. నాన్నకు పని లేని రోజుల్లో అమ్మ పత్తి తీతకు కూలికి పోయేది. పొద్దున వంగిన నడుం సాయంత్రానికి గానీ ఎత్తని పని అది. ఇంటికొచ్చి చాప మీద వాలేటప్పుడు గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, మెల్లగా కూలబడేది. గొడవపడే మనిషి కాదు గానీ నవ్వుతూనే అంటించేది. "ఊరందరి నడుములూ కనపడతయ్యి నీకు. నా నడుం ఒక్కటే కనపడదు," అనేది. నాన్న విల్లు తీసుకుని తుడుచుకుంటూ కూర్చునేవాడు.

చివరికి అమ్మే దారి వెతుక్కుంది. మన ఈడువాళ్ళకు పరిగ అంటే చెప్పనక్కర్లేదు. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి లేనివాళ్ళను రానిచ్చేవారు. పత్తి చేలల్లోనూ అంతే, ఆఖరి తీత అయిపోయి మోళ్ళు పీకేలోపు, సగమే విచ్చిన కాయలూ మోడుకు అంటుకుపోయిన పోగులూ ఎవరు ఏరుకున్నా రైతులు అడ్డు చెప్పేవారు కాదు. కూలి ముగిశాక అందరూ ఇంటిదారి పడితే, అమ్మ మాత్రం చీకటి పడేదాకా ఆ మోళ్ళ మధ్య వంగి తిరిగేది. ఎండిన కాయల మొనలు గీసుకుని వేళ్ళు నెత్తురు కారేవి. ఏరుకొచ్చినదాన్ని వంట అయ్యాక పొయ్యి దగ్గరే కూర్చుని గింజ గింజా చేత్తో వలిచి గోతాంలో కుక్కేది. అలా ఏళ్ళు పట్టింది. గోతాం నిండుతోందని అనుకునేలోపు చలికాలం వచ్చి పిల్లలకు బొంతల్లోకి కాస్త, పురిటికొచ్చిన పిన్ని బిడ్డ పక్కలోకి కాస్త తగ్గిపోయేది, అమ్మ మళ్ళీ మొదలుపెట్టేది.

నేను హైస్కూల్లో చేరిన ఏడు ఆ దూది పరుపుకు సరిపోయింది. నాన్న ఆ రోజు ఇంకే పనీ ఒప్పుకోలేదు. మా పంచలోనే విల్లు వేలాడదీసి, ఏ షావుకారుకూ ఏకనంత శ్రద్ధగా, ఏకిందే మళ్ళీ ఏకాడు. అమ్మ నీలం చారల గుడ్డ తెచ్చి కుట్టింది. పెద్దపిల్లనయ్యానని అప్పటికి నన్ను దొర్లమనడం మానేసినా, ఆ ఒక్కసారికి మళ్ళీ పడుకోమన్నారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడా ఆగలేదు నేను. అంత మంచి పరుపు నాన్న చేతిలో ఇంకోటి రాలేదు.

దాని మీద అమ్మ పడుకోలేదు. మొదటిరోజు చేత్తో నిమిరి, మాసిపోతుందని దుప్పట్లో చుట్టి పెట్టె మీద పెట్టింది. పండక్కి తీద్దామంది. పండక్కి దర్శి నుంచి మేనమామ వస్తే ఆయనకు వేసింది. ఆయన తెల్లవారి లేచి, అక్కా, ఇలాంటి నిద్ర పోయి ఎన్నాళ్ళయిందో అంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత చుట్టాలెవరొచ్చినా అంతే. వాళ్ళు పడుకునేవాళ్ళు, ఆవిడ మురిసిపోయేది. మాకందరికీ అది ఎంత మామూలైపోయిందంటే, పరుపు ఎవరికోసం కుట్టుకుందో కూడా మరిచిపోయాం.

రెండేళ్ళు తిరగకుండా అమ్మ జబ్బుపడింది. కడుపులో పుండన్నారు, పెద్దాసుపత్రిలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎముకలు బయటపడిన ఒంటికి చాప ఒరుసుకుని వీపంతా కమిలిపోయేది. నాన్న పెట్టె మీదనుంచి పరుపు దించి, ఎండలో వేసి, దులిపి, అమ్మ పక్కన పరిచాడు. అమ్మ వద్దంది. బతిమాలాం, కోప్పడ్డాం, నేను ఏడ్చాను. ఇటువైపు తిరిగి కూడా చూడలేదు. మా వైపు ఊళ్ళల్లో, పోయిన మనిషి పడుకున్న పరుపును ఇంట్లో ఉంచేవారు కాదు, చాకలికి ఇవ్వడమో ఊరిబయట పారేయడమో చేసేవారు. అమ్మ భయమంతా అదే.

"దీని మీద పోతే ఇంట్లో ఉండనియ్యరయ్యా. పిల్ల పురుడుకు పనికొచ్చేది. తియ్ అవతల," అంది నాన్నతో.

పోయేదెవరు, నువ్వు లేచి తిరుగుతావు అని నాన్న అనాలి. అన్నాడు కూడా. కానీ అబద్ధమాడడం అలవాటులేని మనిషి, ఆ మాట అంటూ నేల చూశాడు. ఇంక అమ్మ ఆ మాటే ఎత్తనివ్వలేదు. చాప కింద ఎండుగడ్డి పరిచాం, బొంతలు మడతలు పెట్టి వేశాం. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గోడవార చుట్టిపెట్టిన పరుపు అలాగే ఉంది. అమ్మ చాప మీదే పోయింది.

అమ్మ కోరినట్టే అది ఇంట్లో నిలిచింది, కోరినట్టే నా పురుడుకు పనికొచ్చింది. ఇప్పుడు నాకు పరీక్షలు పెడుతున్న ఈ అమ్మాయి పుట్టింది దాని మీదే. దూది పరుపును ఏడాదికోసారి విప్పి మళ్ళీ ఏకించాలి. ఓపిక ఉన్నన్నాళ్ళు నాన్న వచ్చి ఏకి వెళ్ళేవాడు. ఒకసారి అలా ఏకుతూ ఏకుతూ విల్లు ఆపి, "ఎత్తి పడుకోబెట్టాల్సిందే. కొడితే కొట్టేది," అన్నాడు. ఎవరినని నేను అడగలేదు. ఆ తర్వాత నాన్న పోయాడు, దూది ఏకేవాళ్ళు ఆటోలు కొనుక్కుని వేరే పనుల్లో పడ్డారు, ఊరూరా స్పాంజి పరుపుల కొట్లు వెలిశాయి. మాకు బదిలీల మీద బదిలీలు. అమ్మ పరుపు గట్టిపడి, ఉండలుకట్టి, పడుకుంటే రాళ్ళ మీద పడుకున్నట్టయ్యి అటకెక్కింది. అక్కడ ఎలుకలు పట్టాయి. ఇల్లు మారినప్పుడు చెత్తబండికి ఎత్తించేశాం.

నిన్న కాఫీ తాగుతూ, ఈ పరుపు వెనక్కి పంపేయమని మా అమ్మాయితో చెప్పాను. బాగాలేక కాదు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో నా నడుం ఇంత సుఖం ఎరగదు, పొద్దున్నే గోడ పట్టుకోకుండా లేస్తున్నాను. కానీ పదేళ్ళూ పదిహేనేళ్ళూ మన్నుతుందంటున్నారు, అంత ఖరీదు పెట్టి కొన్నది నాకెందుకు, నేనెన్నాళ్ళుంటాను, రేపు నేను పోతే నిష్కారణంగా పారేయాలి కదా అన్నాను.

అది ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. "పారెయ్యడం ఎందుకమ్మా? కవరు ఉతుక్కుని మేం వాడుకుంటాం," అంది.

అన్నాక గానీ ఏమందో దానికి తెలియలేదు. నాలుక కరుచుకుని, ఫోను పక్కన పడేసి వచ్చి నన్ను పట్టుకుంది, అలా కాదమ్మా, నా ఉద్దేశం అది కాదమ్మా అంటూ. నాకు కోపం రాలేదు, రాలేదంటే నమ్మదు. ఏడుస్తున్నాను కాబట్టి నొచ్చుకున్నాననుకుంది. అంత పట్టింపుగా పాటించిన ఆచారం ఎప్పుడు పోయిందో, ఎవరు పోగొట్టారో, ఎవరికీ తెలియకుండానే పోయింది. పాటించకపోతే ఏమవుతుందో అని మా అమ్మాయికి అనుమానం కూడా లేదు. ఎంత తేలిగ్గా అంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరికైనా ఆ మాట నోట వచ్చి ఉంటే, పోతే పోయావులే, గుడ్డ ఉతుక్కుని మేమే పడుకుంటాం, నువ్వు ముందు ఇటు జరుగు అని కసిరి ఉంటే, అమ్మ తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో జరిగేది. ఆ ముక్క అంటే సరిపోతుందని మాకెవరికీ తెలియలేదు.

పరుపు ఉంచుకుంటున్నాం. మా అమ్మాయి చాలా బాగుందని కంపెనీవాళ్ళకు రాసేసింది కూడా. బాగానే ఉంది, భుజం దిగుతోంది, నడుం దిగడం లేదు. ఎంత సుఖంగా ఉంటే అంత కష్టంగా ఉంది దాని మీద పడుకోవడం.